థర్స్ట్, తృష్ణ, టోస్ట్: ‘ఎండిన’ అనే ఒక పాత మాట, దాని చుట్టాలు

(వీడియో స్క్రిప్ట్)

తెర మీద: ఇంగ్లీషు మాటలు రెండు, పక్కపక్కన. డ్రై. థర్స్ట్.

ఇంగ్లీషులో ఎండినదాన్ని డ్రై అంటారు, దాహాన్ని థర్స్ట్ అంటారు. ఇప్పుడు చూస్తే ఈ రెండు మాటలకూ సంబంధమే కనిపించదు. కానీ ఒకప్పుడు జర్మానిక్ భాషల్లో, అంటే ఇంగ్లీషు, జర్మన్, డచ్, స్వీడిష్ లాంటి భాషల కుటుంబంలో, ‘ఎండిన’ అనడానికి ఇంకో మాట ఉండేది. థర్స్ట్ దాని సంతానం. ఆ పాత మాటను ఇంగ్లీషు పోగొట్టుకుంది. గొంతు ఎండడం ఒక్కటి మిగుల్చుకుని, మిగతా ఎండడమంతా డ్రైకి అప్పగించేసింది.

ఈ వీడియో ఆ పాత మాట గురించి. దాని చుట్టాలు మీరు పొద్దున తినే టోస్ట్‌లో ఉన్నారు, పాదం ఎముకల్లో ఉన్నారు, తెలుగులో తృష్ణ అనే మాటలోనూ ఉన్నారు.

తెర మీద: ఊదారంగు తోలు పుట, దాని మీద వెండి అక్షరాలు.

ముందు స్వీడన్ వెళ్దాం. ఉప్సాలా విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఒక పాత బైబిల్ ఉంది, పేరు కోడెక్స్ ఆర్జెంటేయస్, అంటే వెండి పుస్తకం. ఊదారంగు వేసిన తోలు పుటల మీద వెండి సిరాతో, అక్కడక్కడా బంగారు సిరాతో రాశారు. 6వ శతాబ్దం మొదట్లో రాసిన ప్రతి ఇది. మొత్తం 336 ఆకుల్లో ఇప్పుడు మిగిలినవి 188. భాష గోథిక్. ఆ భాష మాట్లాడేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. అనువాదం మాత్రం ఇంకా పాతది: 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ చేశాడు. గోథిక్‌కు లిపి తయారుచేసింది కూడా ఆయనే.

ఆ బైబిల్‌లో ఏసు ఒక మనిషి ఎండిపోయిన చేతిని బాగుచేసే ఘట్టం ఉంది. మార్కు సువార్త మూడో అధ్యాయం మొదటి వాక్యంలో ఆ చేతికి వుల్ఫిలా వాడిన మాట ‘గథొర్సన’. ఎండిపోయిన అని అర్థం. అసలు విశేషణం ‘థొర్సుస్’. అదే బైబిల్‌లో దాహం వేయడానికి కూడా ఇదే ధాతువు: ‘థొర్సీథ్’. చేతికి, గొంతుకి ఒకే మాట. ఎండడం, దప్పిగొనడం ఇంకా వేరుపడని దశ అది.

తెర మీద: మూల జర్మానిక్ రూపం, ముందు ఒక చుక్కగుర్తుతో: *థుర్సుజ్.

గోథిక్‌నీ, మిగతా పాత జర్మానిక్ భాషలనీ పోల్చి పండితులు కట్టిన రూపం ఇది. ముందున్న చుక్కగుర్తు చూసి కంగారుపడకండి. రాతలో దొరకలేదు, లెక్కగట్టి చెబుతున్నాం అని దానర్థం. ఇక్కడ ‘థ’ అని రాస్తున్నాను గానీ, అది మన రథంలో థ కాదు. నాలుక కొసను పళ్ల మధ్య పెట్టి గాలి ఊదితే వచ్చే శబ్దం, ఇంగ్లీషు త్రీలో, థింక్‌లో మొదట వినిపించేది. మన లిపిలో దానికి అక్షరం లేదు కాబట్టి థతోనే సరిపెట్టుకుందాం.

ఇప్పుడు అసలు కీలకం.

తెర మీద: నాలుగు జంటలు, ఒకటి తర్వాత ఒకటి. త్రయం, త్రీ. తృణం, థార్న్. తన్వి, థిన్. తృష్ణ, థర్స్ట్.

ఎడమ వైపు సంస్కృతం, కుడి వైపు ఇంగ్లీషు. తన్వి అంటే సన్నని నడుము గల అమ్మాయి, థిన్ అంటే సన్నని. తృణం అంటే గడ్డిపోచ, థార్న్ అంటే ముల్లు. సంస్కృతంలో త ఉన్నచోటల్లా ఇంగ్లీషులో ఆ ఊదే థ ఉంది. ఒక్క మాటలో అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు, ఇది వరస. ప ఉన్నచోట ఫ ఉండటం కూడా ఇలాంటిదే: పాదం, ఫుట్. ఈ క్రమాన్ని డెన్మార్క్ పండితుడు రాస్మస్ రాస్క్ 1818లో అచ్చయిన తన వ్యాసంలో చూపించాడు. 1822లో జాకబ్ గ్రిమ్ దాన్ని పూర్తి సూత్రంగా రాశాడు. అవును, జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల్లో పెద్దాయనే. పేరు మాత్రం గ్రిమ్ సూత్రం అని స్థిరపడిపోయింది, రాస్క్‌కి కొంచెం అన్యాయమే జరిగింది.

మరి తృష్ణలో ష ఎందుకు, థొర్సుస్‌లో స ఎందుకు? సంస్కృతంలో ర గానీ ఋ గానీ ముందుంటే తర్వాతి స మామూలుగా ష అవుతుంది. శిరస్సులో స ఉంది, అదే మాట శీర్షం అయ్యేసరికి ష వచ్చింది. తృష్ణలో జరిగిందీ అదే. ఆ ఋ జర్మానిక్‌లో ‘ఉర్’ అయింది. ఇలా మెట్టుమెట్టుగా వెనక్కి వెళ్తే రెండింటికీ ఒకే ధాతువు దొరుకుతుంది: *తెర్స్. అర్థం ఎండు, ఎండిపోవు. సంస్కృతం, గ్రీకు, లాటిన్, జర్మానిక్ భాషలన్నిటికీ తల్లి అయిన మూల ఇండో యూరోపియన్ భాషలోది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఇది చూడగానే ‘చూశారా, ఇంగ్లీషు మన తెలుగులోంచే వచ్చింది’ అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేవాళ్లుంటారు. కాదు. తృష్ణ మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట. తెలుగు ద్రావిడ కుటుంబంలోది. ఆ సంగతిని మద్రాసు కలెక్టరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే, మద్రాసులో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ఉదాహరణలతో సహా చూపించాడు. రాస్క్ వ్యాసం కంటే రెండేళ్లు ముందు! ఎండు, ఎండ, దప్పిక మన సొంత మాటలు, వాటికి థర్స్ట్‌తో ఏ చుట్టరికమూ లేదు. అలాగే ఇంగ్లీషు సంస్కృతంలోంచీ రాలేదు. రెండూ ఒకే పాత భాషకు వేర్వేరు వారసులు.

తెర మీద: ఉత్తర యూరప్ పటం. ఒక్కో దేశం మీద ఒక్కో రూపం వెలుగుతుంది.

*థుర్సుజ్ ఎక్కడెక్కడ బతికుందో చూద్దాం. ఐస్‌లాండ్‌లో ‘థుర్’, మొదటి శబ్దం కూడా చెక్కుచెదరలేదు. స్వీడన్‌లో ‘టోర్’, డెన్మార్క్‌లో ‘ట్యోర్’. ఇక్కడ తమాషా ఏమిటంటే, వేల ఏళ్ల కిందట త కాస్తా ఊదే థ అయింది కదా, ఈ రెండు భాషల్లో అది తిరిగి ట అయి కూర్చుంది. జర్మన్‌లో ‘డ్యుర్’. ఆకులు రాలి మోడైన చెట్టునీ, బక్కచిక్కిన మనిషినీ డ్యుర్ అంటారు. కరువు ‘డ్యుర్రె’. బీరు కోసం మొలకెత్తించిన బార్లీని ఆరబెట్టే బట్టీ ‘డార్రె’. దాహం ‘డుర్స్ట్’. లూథర్ బైబిల్‌లో ఏసు సిలువ మీద అనే మాట ‘మిష్ డ్యుర్స్టెట్’. ‘నేను దప్పిగొంటున్నాను’ అన్నట్టు కాదు, ‘నాకు దప్పిక అవుతోంది’ అన్నట్టు ఉంటుంది ఆ వాక్యం. దాహం మనం చేసే పని కాదు, మనకు పట్టేది. గోథిక్ కూడా అలాగే చెప్పేది, తెలుగూ అలాగే చెబుతుంది. ఇది చుట్టరికం వల్ల వచ్చింది కాదు, దాహం వేసిన ఎవరికైనా తోచే సంగతి.

తెర మీద: నార్వేలోని లోఫోటెన్ దీవులు. కర్రల పందిళ్ల మీద వేలాడుతున్న చేపలు.

నార్వేలో ఈ మాటకు వాసన కూడా ఉంది! ‘ట్యోర్‌ఫిస్క్’ అంటే ఎండు చేప. లోఫోటెన్ దీవుల్లో కాడ్ చేపలను ఫిబ్రవరి నుంచి మే దాకా కర్రల పందిళ్ల మీద వేలాడదీస్తారు. రెండేసి చేపలను తోకల దగ్గర కట్టి కర్రకు అటూ ఇటూ వేస్తారు. ఉప్పు ముట్టించరు. మన తీరంలో చేపలు ఎండకు ఎండితే అక్కడ చల్లగాలికి ఎండుతాయి. మరీ చలిగా ఉంటే గడ్డకట్టి పాడవుతాయి, వేడెక్కితే ఈగలు వాలతాయి. ఆ రెండింటికీ మధ్య వాతావరణం అక్కడ నెలల తరబడి దొరుకుతుంది కాబట్టే ఆ వ్యాపారం అక్కడ పుట్టింది. వైకింగుల కాలం నుంచీ ఇదే పని. ఇంకో సంగతి: స్కాండినేవియాలో కాడ్ చేప పేరే ‘టోర్స్క్’. ఈ పేరు కూడా ‘ఎండిన’ అనే మాటలోంచే పుట్టిందని చాలామంది పండితులు చెబుతారు. అంటే నీళ్లలో ఈదుతున్న చేపకు, ఎండబెట్టాక ఎలా ఉంటుందో చూసి పేరు పెట్టారన్నమాట.

ఇక ఇంగ్లీషు. పాత ఇంగ్లీషులో ‘థ్యుర్రె’ అనే విశేషణం ఉండేది. ఎండిన, వాడిన అని అర్థం. దాని పక్కనే ‘డ్ర్యూయె’ ఉండేది, అదే ఇప్పటి డ్రై. రెండూ కొన్నాళ్లు కలిసి బతికాయి, తర్వాత థ్యుర్రె వాడుకలోంచి జారిపోయింది. థర్స్ట్ ఒక్కటే మిగిలింది.

తెర మీద: బ్రెడ్ ముక్క టోస్టర్‌లోంచి పైకి ఎగురుతుంది.

ఇప్పుడు దక్షిణానికి, రోమ్‌కి వెళ్దాం. ఈ ధాతువు సంతానం అత్యంత వింతగా విస్తరించింది లాటిన్‌లోనే.

లాటిన్‌లో ‘టొర్రేరె’ అంటే ఎండబెట్టడం, మాడ్చడం, కాల్చడం. దాని భూతకాల రూపం ‘టోస్టుస్’, కాల్చినది. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి టోస్ట్‌గా వచ్చింది. ఇక్కడ శబ్దాలను గమనించండి. మూలంలో ర, స రెండూ ఉన్నాయి. టొర్రేరెలో స కరిగిపోయి రెండు ర లు అయ్యాయి. టోస్ట్‌లో ర పడిపోయి స మిగిలింది. అందుకే అన్నదమ్ముల్లా కనిపించవు.

ఎండ మండిపోయే వాతావరణాన్ని ఇంగ్లీషులో టారిడ్ అంటారు, అదీ ఇక్కడిదే. మరి టొరెంట్? ఉరికే వరద నీటికి టొరెంట్ అని పేరు. ఎండడం అనే ధాతువుకు పుట్టి వరదకు పేరవడమేమిటి? లాటిన్‌లో ‘టొర్రెన్స్’ అంటే మొదట మండుతున్నది. నిప్పు మీద నీళ్లు మరిగి పొంగుతాయి కదా, అలా పొంగే ప్రవాహానికీ ఆ మాటే వాడారు. చివరికి నిప్పు పోయి నీళ్లు మిగిలాయి. 2001లో బ్రామ్ కోహెన్ అనే ప్రోగ్రామర్ ఫైళ్లు పంచుకునే పద్ధతికి బిట్‌టొరెంట్ అని పేరు పెట్టాక, శుక్రవారం విడుదలైన సినిమా శనివారానికి ఎక్కడ దొరుకుతుందో వెతికేవాళ్ల నోట్లో కూడా ఈ మాట పడింది.

ఇంకా పెద్దది ‘టెర్రా’. నేల, భూమి. పాత రూపం *తెర్సా, అంటే ఎండినది. సముద్రానికి ఎదురుగా పొడిగా ఉన్న భాగం. టెర్రస్, టెరిటరీ, కాల్చిన మట్టి టెర్రకోటా, అన్నీ దీని పిల్లలు. బొరియల్లోకి దూరి వేటాడే టెర్రియర్ కుక్క కూడా. పసుపు ఇంగ్లీషు పేరు టర్మరిక్, లాటిన్ ‘టెర్రా మెరిటా’లోంచి వచ్చిందని ఒక వాదన ఉంది. అది ఖాయంగా తేలిన సంగతి కాదు కాబట్టి, దుగ్గిరాల పసుపు కొమ్ముకు తృష్ణతో చుట్టరికం అంటగట్టే ధైర్యం నేను చేయను.

తెర మీద: మధ్యధరా సముద్రం పటం. పేరు రెండు ముక్కలుగా విడిపోతుంది: మధ్య, ధరా.

ఇక్కడ మనవాళ్లు తప్పకుండా పడే గొయ్యి ఒకటుంది. మెడిటెర్రేనియన్ అంటే ‘నేల మధ్యనున్నది’. మనం దాన్ని మధ్యధరా సముద్రం అన్నాం. ఎంత చక్కగా కుదిరిందో! మెడి అంటే మధ్య, టెర్రా అంటే ధరా. శబ్దం కూడా కలిసింది. మరి రెండు జంటలూ చుట్టాలేనా?

మొదటిది అవును. మధ్య, లాటిన్ ‘మెడియుస్’, ఇంగ్లీషు మిడిల్, ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు. రెండోది కాదు. ధర అంటే భరించేది, ధరించేది. ‘ధృ’ ధాతువులోంచి వచ్చింది. సంస్కృతంలో మాట మొదట ధ ఉంటే లాటిన్‌లో దాని చుట్టం ఫ తో మొదలవుతుంది. ధూమం, లాటిన్‌లో ‘ఫూముస్’, ఇంగ్లీషులో ఫ్యూమ్. కాబట్టి ధరకు లాటిన్‌లో చుట్టాన్ని ఫ దగ్గర వెతకాలి, ట దగ్గర కాదు. గట్టిగా నిలిచేది అనే అర్థమున్న ‘ఫిర్ముస్’ ఆ ఇంటిదే. ఇంగ్లీషు ఫర్మ్ అక్కడిదే. చెవికి ఒకేలా వినిపించిన ధర, టెర్రా పరాయివాళ్లు. పోలికే లేని తృష్ణ, టోస్ట్ చుట్టాలు. శబ్దం కలిసిందని చుట్టరికం కలిపేసే వీడియోలు మన భాషలో చాలానే ఉన్నాయి. వాటిని చూసేటప్పుడు ఈ ఒక్క జంటను గుర్తుపెట్టుకుంటే చాలు.

తెర మీద: వెదురు తడక లాంటి అల్లిక మీద ఆరబెట్టిన చీజ్ ముద్దలు. తర్వాత పాదం ఎముకల ఎక్స్‌రే.

గ్రీకులో ఈ ధాతువు కాలి దాకా వెళ్లింది. ‘తెర్సోమై’ అంటే ఎండిపోవడం. చీజ్ ఆరబెట్టే అల్లిక తడకను ‘తార్సోస్’ అన్నారు. హోమర్ ఒడిస్సీ తొమ్మిదో సర్గలో ఒంటికన్ను రాక్షసుడి గుహలోకి వెళ్లినవాళ్లకు చీజ్ బరువుతో నిండిన ఈ తడకలే కనిపిస్తాయి. తడక బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి, బల్లపరుపుగా ఉండే దేనికైనా ఆ మాట వాడటం మొదలైంది, పాదానికి కూడా. ఇలియడ్ పదకొండో సర్గలో ట్రాయ్ రాకుమారుడు పారిస్ వేసిన బాణం గ్రీకు వీరుడు డయోమిడిస్ కుడికాలి తార్సోస్‌లో దిగుతుంది. అక్కడి నుంచి వైద్యంలోకి వెళ్లింది. చీలమండ దగ్గరి ఏడు ఎముకల గుంపు టార్సస్, వాటి ముందుండే అయిదూ మెటాటార్సల్స్. ఫుట్‌బాల్ చూసేవాళ్లకు ఈ రెండో మాట బాగా పరిచయం, ఆటగాడు ఆరు వారాలు ఆడడని చెప్పే వార్తలో తరచూ వస్తుంటుంది.

ఐర్లండ్‌లో ‘టీర్’ అంటే నేల, దేశం. అక్కడి టైరోన్ కౌంటీ పేరులో మొదటి ముక్క అదే. ఇరాన్ వైపు పారసీకంలో దాహంతో ఉన్నవాడు ‘తిష్నా’. ఉర్దూలో దాహం ‘తిష్నగీ’. హైదరాబాద్ ముషాయిరాల్లో గజల్ వినేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. అంటే తృష్ణ మన గడ్డ మీదికి రెండు దారుల్లో వచ్చింది: ఒకసారి సంస్కృతంతో, ఇంకోసారి పారసీకంతో.

తెర మీద: తృష్ణ అనే మాట ఒక్కటే.

సంస్కృతంలో ఈ ధాతువుకు ఎండడం అనే అర్థం దాదాపు పోయి, దాహం ముందుకొచ్చింది. ఆయుర్వేదంలో తృష్ణ ఒక రోగం పేరు. ఎంత నీళ్లు తాగినా తీరని దాహం. ఆ తీరకపోవడాన్నే బౌద్ధం పట్టుకుంది. పాళీలో ‘తణ్హా’. నాలుగు ఆర్యసత్యాల్లో రెండోది ఇదే: దుఃఖానికి పుట్టుక తృష్ణ. కోరిక అనే అర్థమిచ్చే మాటలు ఎన్నో ఉండగా దాహాన్ని ఎంచుకోవడంలోనే ఆ ఆలోచన బలముంది. కోరిక ఒకసారి తీరితే తీరిపోవచ్చు, దాహం మళ్లీ వేస్తుంది.

తెలుగుకు వచ్చేసరికి గొంతు కూడా పోయింది. కావ్యాల్లో తృష దాహమే గానీ, నేటి వాడుకలో ‘తృష్ణగా ఉంది, కాసిని నీళ్లివ్వండి’ అంటే ఇంట్లోవాళ్లు నవ్వుతారు. ధనతృష్ణ, అధికార తృష్ణ, జ్ఞానతృష్ణ, ఇలా మనసుకే పరిమితమైంది. నీళ్ల సంగతి దాహానికి, దప్పికకు వదిలేశాం. మృగతృష్ణలో మాత్రం పాత అర్థం అలాగే ఉంది: ఎండిన నేల మీద లేని నీళ్ల కోసం పరుగెత్తే మృగం దాహం. నేల, గొంతు, మనసు, ఈ ధాతువు తిరిగిన మూడు చోట్లూ ఆ ఒక్క సమాసంలో దొరుకుతాయి.

జర్మన్ నేలనూ గొంతునూ ఉంచుకుంది, లాటిన్ నేలనూ పొయ్యినీ, ఇంగ్లీషు గొంతునూ. మనం మనసును.

తెర మీద: మళ్లీ డ్రై.

మరి ఇంగ్లీషులో ఆ పాత మాట చోటు ఆక్రమించిన ఈ డ్రై ఎవరు? దీనికి జర్మానిక్‌లో చుట్టాలున్నారు. డచ్‌లో ‘ద్రోఖ్’, జర్మన్‌లో ‘ట్రోకెన్’, ఇంగ్లీషులోనే కరువుకు డ్రౌట్, నీళ్లు పోయే డ్రెయిన్. జర్మానిక్ దాటి బయటికి వెళ్తే మాత్రం అందరూ ఒప్పుకునే చుట్టం ఒక్కరూ లేరు. డ్రగ్ అనే మాట డచ్ వర్తకుల ‘పొడి సరుకు పీపాల’ లోంచి వచ్చిందని, కాబట్టి డ్రైకి చుట్టమని ఒక వాదన ఉంది. కథ బాగుంది, అందుకే నాకు కొంచెం అనుమానం.

ఇంతటితో అయిపోలేదు. జర్మానిక్‌లో ఎండడానికి మూడో మాట కూడా ఉంది. వాడి ఎండిపోయిన ఆకును పాత ఇంగ్లీషులో ‘సేయర్’ అనేవారు. మాంసాన్ని పెనం మీద పైపైన కాల్చడాన్ని ఇప్పుడు సియర్ అంటారు కదా, అది దాని క్రియారూపం. దీని సంస్కృత చుట్టం శుష్కం. రష్యన్ చుట్టం ‘సుఖోయ్’. మన వైమానిక దళం నడిపే సుఖోయ్ యుద్ధవిమానానికి ఆ పేరు దాన్ని రూపొందించిన సంస్థను నడిపిన పావెల్ సుఖోయ్ ఇంటిపేరు నుంచి వచ్చింది. ఆ ఇంటిపేరుకు అర్థం ‘ఎండిన’. పారసీక చుట్టం ‘ఖుష్క్’. తెలంగాణ రైతుకు దీన్ని ఎవరూ వివరించక్కర్లేదు. నిజాం కాలం రెవెన్యూ లెక్కల నుంచీ పహాణీల్లో ఉన్నదే. నీటి వసతి ఉన్న భూమి తరి, వానే దిక్కయిన మెట్ట భూమి ఖుష్కి.